ఆవిరి నిమిషాల తేడానా, బస్తాల తేడానా? పలాస జీడిపిక్కలపై ఆనోవా ప్రాజెక్టు డైరీ

ప్రశ్న ఒక్కటే. కోతకు ముందు జీడిపిక్కలను ఆవిరిలో 15 నిమిషాలు ఉంచాలా, 20 నిమిషాలా, 25 నిమిషాలా? ఎప్పుడు పప్పు విరగకుండా గుండుగా ఎక్కువ వస్తుంది? కాశీబుగ్గలో మా బావ నడిపే చిన్న జీడి యూనిట్‌లో ఈ పరీక్ష చేశాం. లెక్క పని నాది, పద్ధతి ఆనోవా, అంటే చెదురును విడదీసి సగటులను పోల్చే గణాంక పద్ధతి. బాయిలరు, పిక్కలు, పనివాళ్లు ఆయన బాధ్యత. మూడు నాలుగు పద్ధతుల సగటులను పోల్చి ఒకటి ఎంచుకోవలసిన వాళ్లెవరైనా, పొలంలోనైనా పరిశ్రమలోనైనా, ఇందులోని ఏర్పాటునూ లెక్కనూ యథాతథంగా వాడుకోవచ్చు. పనికిరాని పద్ధతుల గురించి ఎక్కువే రాశాను. అవి ఇచ్చిన అంకెలు చూడటానికి చాలా నమ్మకంగా ఉన్నాయి కాబట్టి, అలాంటి అంకెలే మీకూ వస్తే ఎక్కడ అనుమానించాలో తెలియాలి.

జీడి పని తెలియనివారికి నాలుగు మాటలు. ఆవిరి తగిలితే పిక్క పెంకు కోతకు అనువుగా మారుతుంది, లోపలి పప్పు పెంకును వదులుతుంది. తరువాత చల్లార్చి, ఒక్కొక్క పిక్కను కత్తి యంత్రంలో పెట్టి కోస్తారు. వచ్చిన పప్పును బోర్మా అనే వేడిగాలి గదిలో ఆరబెట్టి, పొట్టు తీసి, గుండు, బద్ద, ముక్కగా వేరుచేస్తారు. ఆవిరి చాలకపోతే పప్పు పెంకుకు అంటుకుని కత్తి కింద విరుగుతుంది. మరీ ఎక్కువైతే పప్పు మెత్తబడి ఆకారం చెడుతుంది, రంగు మారుతుంది. గుండుకు వచ్చే ధర బద్దకు రాదు. యూనిట్ లాభనష్టాలు చాలావరకు ఈ ఒక్క చోటే తేలుతాయి.

దశ 0: ఏం కొలవాలి, దేనితో కొలవాలి

కొలత: వచ్చిన పప్పు బరువులో గుండు బరువు ఎంత శాతం. లెక్కపెట్టి చూస్తే పని పెరుగుతుంది, పైగా అమ్మకం బరువు మీదే జరుగుతుంది. 320 రకం అంటే పౌనుకు సుమారు 300 నుంచి 320 గుండ్లు తూగాలని వ్యాపార ప్రమాణం. అంటే అక్కడ కూడా బరువే ఆధారం.

ఎప్పుడు తూచాలి? కోత అవగానే తూస్తే తేమ ఉంటుంది. పైగా పొట్టు తీసేటప్పుడు కూడా కొంత పప్పు విరుగుతుంది. అందుకే పొట్టు తీశాకే తూచాలని నిర్ణయించాం.

మొదటి చిక్కు తూకంలో కాదు, కంటిలో వచ్చింది. ఒకే కుప్పను ఇద్దరు వేరుచేస్తే ఒకరికి 74 శాతం గుండు, మరొకరికి 70. మొన కాస్త చిట్లిన పప్పును ఒకరు గుండులో వేస్తున్నారు, ఇంకొకరు ముక్కలో వేస్తున్నారు. మనం వెతికే తేడా కూడా మూడు నాలుగు శాతమే అయినప్పుడు, కొలిచే చోటే నాలుగు శాతం ఊగితే ఏ గణితమూ కాపాడదు. మార్చినవి ఇవి:

1. ఎనిమిదో వంతుకంటే తక్కువ చిట్లితే గుండు, ఎక్కువైతే ముక్క. మాదిరి పప్పులను పళ్లెంలో పెట్టి బల్ల మీద ఉంచాం.
2. పరీక్ష కుప్పలన్నింటినీ ఒక్కరే వేరుచేయాలి. ఏ కుప్ప ఎన్ని నిమిషాలదో ఆమెకు తెలియకూడదు. సంచి మీద సంకేత సంఖ్య మాత్రమే ఉంటుంది.
3. ఒక గ్రాము వరకు చూపే ఎలక్ట్రానిక్ కాటా. ఫ్యాను గాలికి అంకె మూడు నాలుగు గ్రాములు ఆడుతోంది కాబట్టి తూకం వేసేటప్పుడు ఫ్యాను ఆపాలి. పని మొదలుపెట్టే ముందు 500 గ్రాముల రాయితో సరిచూడాలి.

ఈ నియమాల తరువాత ఒకే కుప్పను మళ్లీ మళ్లీ వేరుచేయిస్తే తేడా ఒక శాతం లోపే ఉంది.

దశ 1: రోజుకో సమయం

యూనిట్ పనికి అడ్డురాని పద్ధతి ఇదే కాబట్టి ముందు దీన్నే తీసుకున్నాం. మొదటి రోజు బాయిలరుకు 15 నిమిషాలు, రెండో రోజు 20, మూడో రోజు 25. ప్రతి ఉడుకు (ఒకసారి ఆవిరి పెట్టిన మొత్తం) నుంచి రెండేసి కిలోల చొప్పున ఐదు నమూనాలు తీశాం. గుండు శాతాలు ఇవి:

15 నిమిషాలు: 71, 73, 70, 72, 69. సగటు 71
20 నిమిషాలు: 78, 79, 77, 79, 77. సగటు 78
25 నిమిషాలు: 72, 75, 73, 70, 75. సగటు 73

ఆనోవా చేసే పని క్లుప్తంగా చెప్పాలంటే, రెండు చెదురుళ్లను పక్కపక్కన పెట్టి చూడటం. ఒకటి గుంపుల సగటులు ఒకదానికొకటి ఎంత దూరంగా ఉన్నాయన్నది. రెండోది ఒకే గుంపులోని అంకెలు తమ సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయన్నది. నిమిషాలకు నిజంగా ఏ ప్రభావమూ లేకపోతే ఈ రెండూ ఒకే యాదృచ్ఛిక చెదురును కొలుస్తాయి, వాటి నిష్పత్తి 1కి దగ్గరగా ఉంటుంది. ఆ నిష్పత్తే ఎఫ్.

మొత్తం సగటు 74. దాని నుంచి మూడు సగటుల తేడాలు −3, 4, −1. వాటి వర్గాలను కూడి, గుంపుకు ఐదు నమూనాలు కాబట్టి 5తో గుణిస్తే గుంపుల మధ్య వర్గాల మొత్తం: 5 × (9 + 16 + 1) = 130. గుంపులు మూడు కాబట్టి స్వేచ్ఛగా మారగల విలువలు, అంటే డీఎఫ్, 2. వర్గాల మొత్తాన్ని డీఎఫ్‌తో భాగిస్తే వచ్చే సగటు వర్గం 65.
గుంపుల లోపల వర్గాల మొత్తం: 10 + 4 + 18 = 32. డీఎఫ్ 12. సగటు వర్గం 2.67.
ఎఫ్ = 65 ÷ 2.67 = 24.4. ఐదు శాతం స్థాయిలో, అంటే నిజంగా తేడా లేకపోయినా నూటికి ఐదుసార్లే దాటే హద్దుగా, ఎఫ్ పట్టిక ఇచ్చే విలువ 3.89.

పరీక్షించే గుంపులు సరిగ్గా మూడు ఉన్నప్పుడు పీ విలువకు, అంటే నిజంగా తేడా లేకపోతే ఇంత పెద్ద ఎఫ్ యాదృచ్ఛికంగా వచ్చే అవకాశానికి, సాఫ్ట్‌వేర్ కూడా అక్కరలేదు. ఎఫ్‌ను రెండుతో గుణించి, శేషం డీఎఫ్‌తో (ఇక్కడ గుంపుల లోపలి 12) భాగించి, 1 కలపండి. వచ్చినదాన్ని శేషం డీఎఫ్‌లో సగం ఘాతానికి హెచ్చించి, 1ని దానితో భాగించండి. ఇది ఉజ్జాయింపు కాదు, గుంపుల మధ్య డీఎఫ్ 2 అయినప్పుడు కచ్చితమైన సూత్రం. ఇక్కడ పీ దాదాపు 0.00006.

ఇంత చిన్న పీ విలువ చూశాక ఎవరైనా 20 నిమిషాలకు ఓటు వేస్తారు. అయితే ఈ అంకెల్లో 20 నిమిషాలు, రెండో రోజు, ఆ రోజు విప్పిన బస్తాలు, ఆ రోజు కోతకు కూర్చున్నవాళ్లు అన్నీ ఒకే ముద్దగా ఉన్నాయి. ఒక ఉడుకు నుంచి తీసిన ఐదు నమూనాలు ఐదు పరీక్షలు కావు. ఆవిరి ఒక్కసారే పెట్టాం, దాన్ని ఐదుసార్లు తూచాం. 2.67 అనే అంకె ఒక ఉడుకులోపలి చెదురును మాత్రమే చెబుతుంది. ఉడుకుకూ ఉడుకుకూ మధ్య ఉండే తేడా అందులో రవ్వంత కూడా లేదు.

*ఇప్పటిదాకా: ఉడుకులు 3, నమూనాలు 15, పిక్కలు 30 కిలోలు.*

దశ 2: తేడా లేనిచోట తేడా వెతకడం

పై అనుమానాన్ని మాటలతో తేల్చలేం. అందుకే సమయం మార్చకుండా, మూడు రోజులూ 20 నిమిషాలే పెట్టి, అదే పద్ధతిలో ఐదేసి నమూనాలు తీశాం. పోల్చే పద్ధతి సరైనదైతే ఇక్కడ ఎఫ్ 1 చుట్టుపక్కల రావాలి.

మూడు రోజుల సగటులు: 74, 80, 71. గుంపుల మధ్య వర్గాల మొత్తం 210, సగటు వర్గం 105. లోపలి వర్గాల మొత్తం 42, సగటు వర్గం 3.5.

ఎఫ్ = 30. పీ విలువ 46,656లో ఒక వంతు.

నిమిషాల్లో ఏ తేడా లేకుండానే, తేడా పెట్టినప్పటికంటే పెద్ద ఎఫ్ వచ్చింది. ఈ డైరీలో ఒక్క దశనే గుర్తుపెట్టుకోవాలంటే దీన్నే గుర్తుపెట్టుకోండి. మీ యంత్రం, మీ పొలం, మీ తరగతి ఏదైనా సరే, పరీక్షించే అంశాన్ని మార్చకుండా ఒకసారి మొత్తం పరీక్ష నడిపి చూడండి. మరికొన్ని పిక్కలు ఖర్చవుతాయి. దానికి బదులు తప్పుడు నిర్ణయం మీద ఏడాదంతా బాయిలరు నడపవలసిన అవసరం తప్పుతుంది.

కారణాన్ని లెక్కకంటే ముందు కోత దగ్గర కూర్చునే పెద్దావిడ చెప్పింది. "పిక్క ఏ తోటదో చూడకుండా నిమిషాలు లెక్కపెడితే ఏం తెలుస్తుంది బాబూ? బస్తా మారితే నా చేతికే తెలిసిపోతుంది." గోదాములోకి వెళ్లి చూశాను. ఒక వరుస విదేశీ పిక్క, ఆఫ్రికా నుంచి ఓడలో వచ్చి నెలల తరబడి నిల్వ ఉన్నది. ఇంకో వరుస మందస వైపు తోటలది. మూడోది వజ్రపుకొత్తూరు వైపు నుంచి ఈ వేసవిలో వచ్చిన కొత్త పంట. మా ఉద్దానం ప్రాంతపు పిక్కలోనూ ఒకే తీరు ఉండదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఎన్నో జీడితోటలు నేలకూలాయి. ఆ తరువాత నాటిన లేత చెట్ల కాయ, తుపానుకు నిలిచిన ముసలి చెట్ల కాయ ఒకే బస్తాలో కలిసే వస్తున్నాయి.

*ఇప్పటిదాకా: ఉడుకులు 6, నమూనాలు 30, పిక్కలు 60 కిలోలు.*

దశ 3: బస్తానే బ్లాకు

రోనాల్డ్ ఫిషర్ 1919లో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చేరినప్పుడు ఆయన ముందున్నదీ ఇలాంటి చిక్కే. ఎరువు వల్ల దిగుబడి పెరిగిందా, ఆ మూల నేలే సారవంతమైనదా? నేల తేడాను పోగొట్టలేం. కానీ నేలను బ్లాకులుగా విడగొట్టి, ప్రతి బ్లాకులోనూ అన్ని ఎరువులనూ వేసి, ఏ మడికి ఏది అన్నది చీటీలతో తేలిస్తే, నేల తేడాను లెక్కలో విడిగా తీసి పక్కన పెట్టవచ్చు. ఆనోవా ఇలాంటి పొలాల లెక్కల్లోనే రూపుదిద్దుకుంది. ఎఫ్ అనే అక్షరాన్ని తరువాత అమెరికా గణాంకవేత్త స్నెడికర్ ఫిషర్ గౌరవార్థం వాడుకలోకి తెచ్చారు.

మన నేల బస్తా. ప్రతి బస్తా నుంచీ మూడు భాగాలు తీసి, ఒక్కో భాగానికి ఒక్కో సమయం ఇవ్వాలి. ప్రతి భాగాన్నీ విడిగా ఉడకబెట్టాలి.

పెద్ద బాయిలరులో రెండు కిలోలు ఉడకబెట్టడం కుదరదు. ఆవిరి గొట్టానికి వాల్వుతో ఒక చిన్న డ్రమ్ము బిగించాం. అడుగున జల్లెడ పళ్లెం, మూతకు చిన్న రంధ్రం. మొదటి బస్తాకు వాల్వు తిప్పిన క్షణం నుంచి నిమిషాలు లెక్కించాం. డ్రమ్ము చల్లగా ఉన్నప్పుడు రంధ్రం నుంచి ఆవిరి రావడానికి ఆరు నిమిషాలు, వేడిగా ఉన్నప్పుడు మూడు నిమిషాలు పట్టింది. అంటే 15 నిమిషాలని రాసుకున్నది నిజానికి 9 కావచ్చు, 12 కావచ్చు. ఆ మూడు భాగాలను, ఆరు కిలోలను, పరీక్ష నుంచి తీసేశాం. ఫలితం చూడకముందే తీసేశాం, అది ముఖ్యం. అప్పటి నుంచి మూత రంధ్రం నుంచి ఆవిరి ధారగా వచ్చినప్పుడే ఫోనులో గడియారం మొదలుపెట్టాలి.

డ్రమ్ము వేడెక్కే తీరు వల్ల వరుసలో మొదట వచ్చే భాగానికీ చివర వచ్చే భాగానికీ తేడా ఉండవచ్చు. మూడు సమయాలను వరుసగా పేర్చడానికి ఆరు విధాలు ఉన్నాయి. అందుకే బస్తాలను ఆరు తీసుకున్నాం. ఒక్కో వరుస ఒక్కో బస్తాకు. ఏ వరుస ఏ బస్తాకన్నది మాత్రం చీటీలు తీసి నిర్ణయించాం. ఇలా చేస్తే ప్రతి సమయమూ రెండుసార్లు మొదట, రెండుసార్లు మధ్యలో, రెండుసార్లు చివర వస్తుంది.

ఒక్కో బస్తాకు పని క్రమం:

1. బస్తాను పూర్తిగా టార్పాలిన్ మీద పోసి కలపాలి. పైపైన తీసుకోకూడదు. బరువైన పిక్క అడుగున, తేలిక పిక్క పైన చేరి ఉంటుంది.
2. కుప్పను పలుచగా పరిచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలను మళ్లీ కలుపుతూ రెండేసి కిలోల మూడు సంచులు నింపాలి.
3. చీటీ ప్రకారం వరుసగా ఆవిరి పెట్టాలి.
4. మూడింటినీ ఒకే చోట, ఒకే వ్యవధి చల్లార్చాలి.
5. ఒక బస్తా మూడు భాగాలనూ ఒక్కరే కోయాలి. ఏది ఎన్ని నిమిషాలదో చెప్పకూడదు.
6. బోర్మాలో ఒకే అరలో పక్కపక్కన ఉంచాలి.
7. పొట్టు తీసి, వేరుచేసి, తూచాలి.

ఇక్కడ బస్తాతో పాటు రోజు, కోసే మనిషి కూడా ఒకే బ్లాకులో కలిసిపోయాయి. బస్తా ప్రభావం ఎంత, చేతి ప్రభావం ఎంత అన్నది ఈ పరీక్ష విడదీసి చెప్పలేదు. మన ప్రశ్న నిమిషాల గురించి కాబట్టి దానితో ఇబ్బంది లేదు.

చివరగా, అంకెలు రాకముందే నోటు పుస్తకం మొదటి పేజీలో రెండు వాక్యాలు రాసి, తేదీ వేసి, ఇద్దరం సంతకాలు చేశాం: స్థాయి ఐదు శాతం, ఎఫ్ పట్టిక విలువ దాటితే ఏ సమయం దేనికంటే వేరో జతలుగా పోల్చడానికి ట్యూకీ పద్ధతి (దశ 7లో వివరించాను).

దశ 4: అంకెలు

ప్రతి వరుసలో 15, 20, 25 నిమిషాల గుండు శాతాలు, దగ్గరి పూర్ణాంకానికి సవరించినవి.

బస్తా 1 (విదేశీ, పాత నిల్వ): 63, 67, 65. సగటు 65
బస్తా 2 (విదేశీ): 63, 72, 69. సగటు 68
బస్తా 3 (మందస వైపు): 70, 76, 70. సగటు 72
బస్తా 4 (మందస వైపు): 72, 76, 77. సగటు 75
బస్తా 5 (వజ్రపుకొత్తూరు వైపు): 77, 81, 76. సగటు 78
బస్తా 6 (వజ్రపుకొత్తూరు వైపు): 75, 84, 81. సగటు 80

నిలువు మొత్తాలు 420, 456, 438. సగటులు 70, 76, 73. అన్నీ కలిపి 1,314, సగటు 73.

*ఇప్పటిదాకా: ఉడుకులు 27, లెక్కలోకి వచ్చిన నమూనాలు 48, పిక్కలు 102 కిలోలు.*

దశ 5: ఒకే 18 అంకెలు, రెండు లెక్కలు

కాగితం మీదే చేయండి. ఒక్కసారి చేతితో చేస్తే సాఫ్ట్‌వేర్ ఇచ్చే పట్టికలో ప్రతి గడి ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది.

1. మొత్తం వర్గాన్ని 18తో భాగించాలి: 1,314 × 1,314 ÷ 18 = 95,922. ప్రతిసారీ తీసివేసేది ఇదే.
2. 18 అంకెల వర్గాల కూడిక 96,570. తీసివేస్తే 648. ఇది మొత్తం చెదురు.
3. నిలువు మొత్తాల వర్గాల కూడికను 6తో భాగిస్తే 96,030. తీసివేస్తే 108. ఇది నిమిషాల వాటా. డీఎఫ్ 2, సగటు వర్గం 54.
4. బస్తా మొత్తాల వర్గాల కూడికను 3తో భాగిస్తే 96,426. తీసివేస్తే 504. ఇది బస్తాల వాటా. డీఎఫ్ 5.
5. మిగిలింది 648 − 108 − 504 = 36. డీఎఫ్ 10, సగటు వర్గం 3.6.

ముందు నాలుగో మెట్టు లేనట్టుగా, బస్తాల సంగతి తెలియనట్టుగా లెక్క కడదాం. అప్పుడు శేషం 540, డీఎఫ్ 15, సగటు వర్గం 36. ఎఫ్ = 54 ÷ 36 = 1.5. పట్టిక విలువ 3.68. పీ విలువ 0.25. నిమిషాల వల్ల తేడా ఉందనడానికి ఆధారం లేదు.

ఇప్పుడు బస్తాలను లెక్కలోకి తీసుకుందాం. ఎఫ్ = 54 ÷ 3.6 = 15. పట్టిక విలువ 4.10. ఒక శాతం స్థాయికైనా 7.56 చాలు. పీ విలువ 1,024లో ఒక వంతు.

నిమిషాల సగటులు రెండు లెక్కల్లోనూ 70, 76, 73. పైన ఉన్న 54 మారలేదు. కింద ఉన్న కొలబద్ద 36 నుంచి 3.6కు వచ్చింది. ఆనోవాను సగటుల పోలిక అంటాం, నిజమే, కానీ ఆ పోలిక మంచిచెడ్డలన్నీ హారంలో ఉన్నాయి. దశ 1లో హారం ఉండవలసిన దానికంటే చిన్నది, ఎందుకంటే ఉడుకుల మధ్య తేడా అందులోకి రానేలేదు. బస్తాలను వదిలేసిన లెక్కలో హారం చాలా పెద్దది, ఎందుకంటే మనకు అక్కరలేని తోటల తేడా అంతా అందులో చేరింది. ఎఫ్ విలువ ఎవరు చూపించినా నేను ముందు అడిగే ప్రశ్న: హారంలో ఏ ఏ తేడాలు ఉన్నాయి?

బ్లాకులు ఉచితంగా రావు. ఐదు డీఎఫ్‌లు బస్తాలకు ఇచ్చేశాం, అందుకే పట్టిక విలువ 3.68 నుంచి 4.10కి పెరిగింది. బస్తాలన్నీ ఒకే తీరుగా ఉంటే ఇది నష్టమే. ఇక్కడ 648లో 504 బస్తాలదే కాబట్టి బేరం మనకే లాభం.

ఎక్సెల్‌లో చేసేవారికి ఒక జాగ్రత్త. డేటా అనాలిసిస్ జాబితాలో ఆనోవా పేరుతో మూడు ఉంటాయి. ఈ అమరికకు సరిపోయేది టూ-ఫ్యాక్టర్ వితౌట్ రెప్లికేషన్. జాబితాలో మొదట కనిపించే సింగిల్ ఫ్యాక్టర్ నొక్కితే 1.5 వస్తుంది, పరీక్ష అక్కడే ఆగిపోతుంది. ఒక మంచి ఏర్పాటును తప్పు మీట వృథా చేయగలదు.

దశ 6: శేషాలు

ప్రతి అంకె నుంచి దాని బస్తా సగటునూ, నిమిషాల సగటునూ తీసివేసి, మొత్తం సగటు కలిపితే శేషం. ఉదాహరణకు బస్తా 4, 25 నిమిషాలు: 77 − 75 − 73 + 73 = 2. పద్దెనిమిదింటిలో ఏదీ 2 దాటలేదు. శేషాల వర్గాల మొత్తాలు సమయాల వారీగా 14, 8, 14. ఒక గుంపు మాత్రమే విపరీతంగా చెదిరిపోలేదు. శాతాలు 63, 84 మధ్యలో ఉన్నాయి కాబట్టి అంకెలను వేరే కొలమానంలోకి మార్చలేదు. 95 పైన గానీ 5 కింద గానీ శాతాలు వస్తే చెదురు తనంతట తానే కుంచించుకుపోతుంది, అప్పుడు అంకెలను ఇలా నేరుగా వాడకూడదు.

ఒక పరిమితి ఉంది. ప్రతి బస్తాకు ప్రతి సమయమూ ఒక్కసారే. బస్తా 4లో 25 నిమిషాలే మెరుగ్గా కనిపిస్తోంది, బస్తా 5లో 25 కంటే 15 మెరుగ్గా కనిపిస్తోంది. ఆ పిక్క స్వభావమే అంతా, లేక యాదృచ్ఛికమా అన్నది ఈ అమరిక చెప్పలేదు. చెప్పాలంటే ఒక్కో గడిలో కనీసం రెండేసి ఉడుకులు ఉండాలి.

దశ 7: ఏది దేనికంటే మెరుగు?

ఎఫ్ చెప్పింది మూడు సగటులూ ఒకటి కావని మాత్రమే. ఏ జత వేరో చెప్పలేదు. "అయితే 20 అని బోర్డు మీద రాసేయమంటావా?" అని బావ అడిగారు.

జతల తేడాలు: 20కీ 15కీ మధ్య 6. 20కీ 25కీ మధ్య 3. 25కీ 15కీ మధ్య 3.

రెండు సగటులను పోల్చే మామూలు టీ పరీక్ష ఆధారంగా, వేరు అనడానికి కావలసిన కనీస తేడా 2.228 × √(2 × 3.6 ÷ 6) = 2.44. దీని ప్రకారం మూడు జతలూ వేరే. కానీ పోలికలు పెరిగిన కొద్దీ, లేని తేడా ఉన్నట్టు కనిపించే అవకాశం పెరుగుతుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు పోలికలను ఐదేసి శాతం స్థాయిలో చేస్తే, ఒక్కటైనా అలా తప్పుదారి పట్టించే అవకాశం 14 శాతం. ట్యూకీ పద్ధతి అన్ని జతలకూ కలిపి ఐదు శాతం హద్దు పెడుతుంది. ఆ లెక్కన కనీస తేడా 3.88 × √(3.6 ÷ 6) = 3.005.

మన తేడా 3. హద్దు 3.005.

వెంట్రుకవాసిలో పోయింది కదా అని పద్ధతి మార్చుకోవడానికి వీల్లేదు. మొదటి పేజీలో రాసుకున్నది ట్యూకీ. కాబట్టి తీర్పు ఇది: 15 కంటే 20 మెరుగన్నది స్థిరం. 20కీ 25కీ మధ్య తేడా తేలలేదు. తేలలేదంటే తేడా లేదని అర్థం కాదు. బావతో అదే చెప్పాను: 15 రాయకండి, ఆ మాట ఇప్పుడే చెప్పగలను, 20 రాయడానికి మరికొంత ఆగండి.

దశ 8: 20, 25 మాత్రమే, కొత్త బస్తాలతో

పాత ఆరింటికే మరో నాలుగు బస్తాలు కలుపుదామన్న ఆలోచన వచ్చింది. లెక్క వేస్తే హద్దు 3.61 × √(3.6 ÷ 10), అంటే 2.17కు దిగుతుంది. కానీ అంకెలు చూశాక, హద్దుకు దగ్గరగా ఉందని తెలిశాక, తేలేదాకా బస్తాలు కలుపుతూ పోతే ఆ ఐదు శాతానికి అర్థం ఉండదు. అందుకే కొత్త పరీక్ష: ఎనిమిది కొత్త బస్తాలు, రెండే సమయాలు, సంఖ్య ముందే స్థిరం. నాలుగు బస్తాల్లో 20 ముందు, నాలుగింటిలో 25 ముందు.

20 నిమిషాల శాతం నుంచి 25 నిమిషాల శాతం తీసివేస్తే: 4, 1, 3, 5, −1, 2, 4, 2. సగటు 2.5.

రెండే గుంపులు ఉన్నప్పుడు బ్లాకు ఆనోవా, జతల టీ పరీక్ష ఒకటే. నిమిషాల వర్గాల మొత్తం 25, డీఎఫ్ 1. శేషం 13, డీఎఫ్ 7, సగటు వర్గం 1.857. ఎఫ్ = 13.46, పట్టిక విలువ 5.59. టీ 3.67, దాని వర్గం ఆ ఎఫ్‌యే. నిజమైన తేడా ఉండగల పరిధి, అంటే 95 శాతం విశ్వాస అంతరం: 2.5 ± 1.61, అంటే 0.9 నుంచి 4.1 వరకు.

బావకు ఎఫ్ కంటే ఈ అంతరమే పనికొచ్చింది. మా యూనిట్‌లో 80 కిలోల బస్తాకు సుమారు 20 కిలోల పప్పు వస్తుంది. 25 నుంచి 20 నిమిషాలకు మారితే బస్తాకు సుమారు 500 గ్రాముల పప్పు గుండులోకి చేరుతుంది. తక్కువలో తక్కువ 180 గ్రాములు, ఎక్కువలో ఎక్కువ 820 గ్రాములని అనుకోవచ్చు. మీ దగ్గర గుండుకూ బద్దకూ ఉన్న ధర తేడాతో గుణించుకోండి. ఐదు నిమిషాల ఆవిరి ఆదా దీనికి అదనం.

*మొత్తం: ఉడుకులు 43, లెక్కలోకి వచ్చిన నమూనాలు 64, పిక్కలు 134 కిలోలు. పప్పంతా మామూలుగానే అమ్మకానికి వెళ్లింది.*

బోర్డు మీద ఇప్పుడు రెండు వరుసలు ఉన్నాయి: "20 నిమిషాలు. మూత నుంచి ఆవిరి ధార వచ్చాకే లెక్క మొదలు."

ఇది చిన్న డ్రమ్ము ఫలితం. పెద్ద బాయిలరులో పిక్కల మధ్యదాకా ఆవిరి చేరడానికి ఎక్కువ సేపు పడుతుంది. దానికి వల సంచుల ఏర్పాటు సిద్ధం చేస్తున్నాం. ఒకే బస్తా నుంచి తీసిన రెండు కిలోల సంచులను మూడు వేర్వేరు ఉడుకుల నడుమ పూడ్చి, 18, 20, 22 నిమిషాలను పోల్చాలి. అందులో ఒక్కో పరీక్షగా లెక్కకు వచ్చేది సంచి కాదు, ఉడుకు. కాబట్టి ఒక ఉడుకులో ఎన్ని సంచులు పెట్టినా వాటి సగటు ఒకే అంకెగా పట్టికలోకి వెళ్తుంది. ఆ మేరకు గీసిన ఖాళీ పట్టికలు బాయిలరు గదిలో తగిలించాం.